ట్రమడాల్ మా అమ్మకి అస్సలు పనిచేయట్లేదు, అదే మాత్ర మా పిన్నిని రోజంతా పడుకోబెట్టేసింది, ఎందుకిలా?

హరిత_తెనాలి

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా అమ్మకి 63 ఏళ్ళు. కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయ్యింది విజయవాడలో, ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లు కూడా బానే మానాయి, సమస్యల్లా నొప్పి. డిశ్చార్జ్ అప్పుడు ట్రమడాల్, పారాసిటమాల్ కలిసున్న మాత్ర రాశారు, వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటేలా ఉందంటుంది. ఫిజియో అబ్బాయి వచ్చి కాలు వంచుదామంటే మంచం కోడు పట్టుకుని ఏడుస్తుంది. ఆవిడ ఊరికే ఏడ్చే మనిషి కాదండి, పొలం పనులు చేసి మమ్మల్ని పెంచిన మనిషి. చెకప్‌కి వెళ్ళినప్పుడు చెప్తే డ్యూటీలో ఉన్న డాక్టరు గారు "అందరికీ ఇదే ఇస్తున్నాం, అందరికీ తగ్గుతోంది, మీ అమ్మగారే మనసులో భయం పెట్టుకున్నారు" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ నొప్పి అని చెప్పడమే మానేసింది, నాకు అది ఇంకా బాధగా ఉంది.

మరి మా పిన్నికి, అంటే అమ్మ సొంత చెల్లెలికి, పోయినేడాది మణికట్టు విరిగితే ఇదే మాత్ర ఇచ్చారు. ఒక్కటి వేసుకుంటే వాంతులు, కళ్ళు తిరగడం, సాయంత్రం దాకా లేవలేదు. ఒక తల్లి పిల్లలే కదా, ఒకరికి నీళ్ళలా ఇంకొకరికి మత్తుమందులా ఎలా పనిచేస్తుంది?

అమ్మ వేసుకునేవి: బీపీకి ఆమ్లోడిపిన్, థైరాయిడ్ మాత్ర, ఆందోళనకి పరోక్సెటిన్, ఇది చాలా ఏళ్ళుగా వాడుతోంది. లివర్ టెస్టు చేయించాం, అన్నీ నార్మల్. మెడికల్ షాపు ఆయన మాత్రం "లివర్లో ఎంజైమ్ తేడా ఉంటే అంతేనమ్మా, రెండేసి వేసుకోమనండి" అన్నాడు. నిజంగా ఎంజైమ్ తేడానా? అయితే లివర్ టెస్టులో ఎందుకు రాలేదు? రెండేసి వేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

మందుల_మాస్టారు

హరిత గారూ, నేను మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను. అన్నిటికంటే ముందు, రెండేసి మాత్రలు వెయ్యకండి, ఎందుకో కింద చెప్తా. రెండోది, మీ అమ్మగారి నొప్పి నిజమైన నొప్పి అని నాకైతే అనుమానం లేదు, మీరు రాసిన మందుల లిస్టులోనే జవాబు కనిపిస్తోంది, పరోక్సెటిన్.

ట్రమడాల్ మింగితే ఆ మింగిన పదార్థం నొప్పి మీద చేసే పని తక్కువే. అది లివర్‌కి వెళ్ళాలి, అక్కడ సిప్ 2డి6 అనే ఎంజైమ్ దాన్ని కొంచెం మార్చి ఓ-డెస్మిథైల్ ట్రమడాల్ అనే కొత్త పదార్థం తయారుచేయాలి, మేము పొట్టిగా ఎం1 అంటాం. మెదడులో, వెన్నుపాములో నొప్పిని అణిచే మ్యూ రిసెప్టర్ అని ఒకటుంది, మార్ఫిన్ అతుక్కునేది కూడా దానికే, ఈ ఎం1 ఆ రిసెప్టర్‌కి అసలు ట్రమడాల్ కంటే వందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. వడ్లు మిల్లుకి వెళ్తేనే బియ్యం అవుతాయి కదా, ట్రమడాల్ వడ్లు, సిప్ 2డి6 మిల్లు అనుకోండి. పరోక్సెటిన్ ఆ మిల్లునే ఆపేస్తుంది. అదీ కాసేపు ఆపడం కాదు, ఎంజైమ్‌కి అంటుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది, లివర్ కొత్త ఎంజైమ్ తయారుచేసుకునేదాకా అంతే, రోజూ మాత్ర పడుతుంటే ఆ కొత్తది కూడా ఆగిపోతూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి ముందు పరోక్సెటిన్ ఇచ్చి తర్వాత ట్రమడాల్ ఇచ్చిన ప్రయోగాల్లో కూడా నొప్పి తగ్గే గుణం పడిపోయింది, అంటే భయంతో, మనసుతో సంబంధం లేదు.

ఇక రెండేసి ఎందుకు వద్దంటే. మారని ట్రమడాల్ ఊరికే ఉండదు, దానికి వేరే గుణం ఉంది, నరాల మధ్య సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు తిరిగి లోపలికి పోకుండా ఆపుతుంది. పరోక్సెటిన్ చేసే పనీ సెరటోనిన్ పెంచడమే. ఇప్పుడు మీ అమ్మగారి ఒంట్లో ఎం1 తక్కువ, మారని ట్రమడాల్ ఎక్కువ, పైన పరోక్సెటిన్. డోసు డబుల్ చేస్తే నొప్పి తగ్గదు కానీ ఫిట్స్ వచ్చే ప్రమాదం, సెరటోనిన్ మితిమీరి వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్ ప్రమాదం రెండూ పెరుగుతాయి. చేతులు వణకడం, కండరాలు ఎగిరిపడటం, చెమటలు, కంగారు, జ్వరం, విరేచనాలు, వీటిల్లో ఏవైనా కలిసి కనిపిస్తే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అలాగని పరోక్సెటిన్ మీరంతట మీరు ఆపొద్దు, అది సడన్‌గా ఆపితే తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం, విపరీతమైన ఆందోళన వస్తాయి, ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళకి మరీను.

లివర్ టెస్టు సంగతి. మనం ఎల్ఎఫ్‌టీ అని చేయించేది బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్బుమిన్ ఇవి. లివర్ కణాలు దెబ్బతింటున్నాయా, పైత్యం సరిగ్గా దిగుతోందా అనేది తెలుస్తుంది అందులో. ఎస్‌జీపీటీ కూడా ఎంజైమే, కానీ మందుల్ని మార్చే ఎంజైమ్‌లు వేరే, అవి రక్తంలోకి వచ్చి కనిపించేవి కావు. అందుకే ఎల్ఎఫ్‌టీ పర్‌ఫెక్ట్‌గా ఉన్న మనిషికి కూడా సిప్ 2డి6 అసలు లేకపోవచ్చు.

అసలు లేకపోవడం ఏంటి అంటారేమో. ఇది పుట్టుకతో మనిషి మనిషికీ తేడా ఉండే ఎంజైమ్, జీన్ 22వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొంతమందికి రెండు కాపీలూ పనిచేయవు, కొంతమందికి ఒకటి సగం పనిచేస్తుంది, ఇంకొంతమందికి అదే జీన్ రెండు మూడు కాపీలు అదనంగా ఉండి మహా స్పీడుగా మార్చేస్తుంది. ఇది కనిపెట్టిన తీరు నాకు క్లాసులో చెప్పడం చాలా ఇష్టం. 1975లో లండన్ సెయింట్ మేరీస్‌లో రాబర్ట్ స్మిత్ అనే ఆయన డెబ్రిసోక్విన్ అనే బీపీ మందు మీద పని చేస్తూ, తోటివాళ్ళతో పాటు తనూ ఒక డోసు వేసుకున్నాడు. మిగతావాళ్ళకి ఏమీ కాలేదు, ఆయనకి మాత్రం బీపీ పడిపోయి నిలబడలేకపోయాడు. తర్వాత మూత్రం పరీక్ష చేస్తే మిగతావాళ్ళ ఒంట్లో ఆ మందు మారి బయటికి వస్తోంది, ఆయన ఒంట్లో దాదాపు మారకుండానే ఉండిపోయింది. అక్కడ మొదలుపెట్టి కుటుంబాల్ని పరీక్షిస్తే ఇది వంశపారంపర్యం అని తేలింది, 1977లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వేశారు. ఆ ఎంజైమే మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న సిప్ 2డి6.

మీ పిన్నిగారిది ఏంటో నేను ఇక్కడ్నుంచి చెప్పలేను. ఆవిడ స్పీడు రకం అయ్యుండొచ్చు, ఎం1 ఒక్కసారిగా ఎక్కువ తయారై మత్తు, వాంతులు వచ్చి ఉండొచ్చు. లేదా మామూలు ఎంజైమ్ ఉన్నవాళ్ళలో కూడా మొదటి డోసుకి చాలామందికి వాంతులు అవుతాయి, పరగడుపున వేసుకున్నా అవుతాయి. మీ అమ్మగారిది మాత్రం మందు వల్లనే అనుకోడానికి బలమైన కారణం ఉంది. సర్జన్‌ని కలిసి "పరోక్సెటిన్ వాడుతున్నారు, అది సిప్ 2డి6ని ఆపుతుంది కదా, ట్రమడాల్ బదులు ఇంకోటి ఇవ్వగలరా" అని ఈ మాటల్లోనే అడగండి.

---

ఎడిసన్_ఫార్మసిస్ట్

మాస్టారు గారు చక్కగా చెప్పారు. నేను న్యూజెర్సీలో రిటైల్ ఫార్మసీలో పనిచేస్తాను, ఇక్కడి నుంచి రెండు మూడు విషయాలు కలుపుతాను.

ట్రమడాల్‌కి ముందు ఈ కథ అంతా కోడీన్‌తో మొదలైంది, నొప్పికీ దగ్గుకీ వాడే మందు అది. కోడీన్ దానంతట అది రిసెప్టర్‌కి మార్ఫిన్ కంటే సుమారు 200 రెట్లు బలహీనంగా అతుక్కుంటుంది. మింగిన కోడీన్‌లో ఎక్కువ భాగం గ్లూక్యురోనైడ్ అనే వేరే రూపంలోకి మారిపోతుంది, కొంత సిప్ 3ఎ4 అనే ఇంకో లివర్ ఎంజైమ్ వల్ల నార్‌కోడీన్ అవుతుంది, 5 నుంచి 10 శాతం మాత్రమే సిప్ 2డి6 వల్ల మార్ఫిన్ అవుతుంది, నొప్పి తగ్గించేది ముఖ్యంగా ఆ కొంచెమే. ఎంజైమ్ లేనివాళ్ళకి కోడీన్ ఇస్తే నొప్పికి ఏమీ ఇవ్వనట్టే. స్పీడుగా ఉన్నవాళ్ళకి ఇస్తే ఆ కొంచెం కాస్తా ఎక్కువై మార్ఫిన్ ఓవర్‌డోస్ అవుతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకి మామూలు డోసు కోడీన్ ఇస్తే ఇంటికెళ్ళాక నిద్రలో ఊపిరి ఆగి చనిపోయిన కేసులు వచ్చాయి, ఆ పిల్లల్లో కొందరికి ఈ స్పీడు రకం జీన్ ఉంది. తల్లిదండ్రులు డాక్టరు చెప్పిన డోసే వేశారండి, ఒక్క చుక్క ఎక్కువ వెయ్యలేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2013లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టాన్సిల్స్ తర్వాత పిల్లలకి కోడీన్ వద్దని బాక్స్ వార్నింగ్, అంటే అన్నిటికంటే గట్టి హెచ్చరిక, పెట్టింది, 2017 ఏప్రిల్‌లో 12 ఏళ్ళలోపు పిల్లలకి కోడీన్, ట్రమడాల్ రెండూ ఇవ్వకూడదంది, పాలిచ్చే తల్లులు కూడా వాడొద్దంది. తల్లికి స్పీడు ఎంజైమ్ ఉంటే పాలలోకి మార్ఫిన్ ఎక్కువ వెళ్తుంది కాబట్టి. ఇంట్లో పాత దగ్గు సిరప్‌లో కోడీన్ ఉందేమో చూసి పిల్లలకి మాత్రం పొయ్యకండి.

ఎవరిలో ఎంత అంటే, యూరప్ మూలాల వాళ్ళలో 5 నుంచి 10 శాతం మందికి ఈ ఎంజైమ్ పనిచేయదు. ఇథియోపియా వాళ్ళలో స్పీడు రకం చాలా ఎక్కువ, పాతిక శాతం పైనే చూశారు. చైనా, జపాన్ వైపు పూర్తిగా లేనివాళ్ళు తక్కువ గానీ నెమ్మదిగా పనిచేసే రకం చాలా మందికి ఉంటుంది. మన దక్షిణాది వాళ్ళ మీద జిప్మర్ పుదుచ్చేరి వాళ్ళు పని చేశారు, అందులో ఆంధ్రా వాళ్ళు కూడా ఉన్నారు, పూర్తిగా లేనివాళ్ళు మనలో యూరప్ కంటే తక్కువే, అయినా ఉన్నారు.

ఇక్కడికి పిల్లల దగ్గరికొచ్చే తెలుగు అమ్మానాన్నల గురించి ఒకటి చెప్పాలి, ఇది నేను కౌంటర్లో పదే పదే చూసేది. ఆర్నెల్లకి సరిపడా మందులు ఇండియా నుంచి తెచ్చుకుంటారు, ఇక్కడ పన్ను పీకించుకుంటేనో కిందపడితేనో అర్జెంట్ కేర్‌లో హైడ్రోకోడోన్ లేదా ఆక్సికోడోన్ అనే గట్టి నొప్పి మాత్రలు రాస్తారు, ఏమైనా మందులు వాడుతున్నారా అంటే "బీపీ ఒక్కటే" అని చెప్పేస్తారు. మా కంప్యూటర్లో వాళ్ళ ఇండియా మందులేవీ ఉండవు కాబట్టి అది మాకు అలారం కొట్టదు. ఆక్సికోడోన్‌ని ఎక్కువ భాగం సిప్ 3ఎ4 పనికిరాని రూపంలోకి మార్చేస్తుంది, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఇట్రకొనజోల్ అనే ఫంగస్ మందు లాంటివి ఆ ఎంజైమ్‌ని ఆపితే ఒంట్లో ఆక్సికోడోన్ పెరిగిపోతుంది, ద్రాక్షపండు కాదు గ్రేప్‌ఫ్రూట్ అని పెద్ద పుల్లటి నారింజ లాంటిది ఉంటుంది, దాని రసం తాగినా పెరుగుతుంది. అందుకని స్ట్రిప్‌లు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, వెనకవైపు జెనరిక్ పేరు కనిపించేలా. ఇండియా బ్రాండ్ పేరు చెప్తే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు.

---

పాలియేటివ్_సిస్టర్

నేను హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్‌లో స్టాఫ్ నర్సుని, క్యాన్సర్ నొప్పి పేషెంట్లని చూస్తాం. మీ అమ్మగారి విషయం చదువుతుంటే కోపమొచ్చింది. నొప్పి ఎంత అనేది పేషెంటు చెప్పిందే లెక్క, మాకు మొదటి రోజు నేర్పేది అదే.

మా దగ్గర ఎక్కువ వాడేది మార్ఫిన్ కాబట్టి దాని గురించి చెప్తాను, ఎందుకంటే మార్ఫిన్ దారి వేరు. దానికి సిప్ 2డి6తో పనిలేదు, అది అప్పటికే పనిచేసే రూపంలో ఉంటుంది. లివర్లో యూజీటీ 2బి7 అనే ఎంజైమ్ దానికి గ్లూక్యురోనిక్ యాసిడ్ అతికించి బయటికి పంపేలా చేస్తుంది. నోటి మాత్ర ఇస్తే పేగు, లివర్ దాటేసరికే చాలా భాగం మారిపోయి 20 నుంచి 40 శాతమే రక్తంలోకి వెళ్తుంది, అందుకే ఇంజెక్షన్ డోసు తక్కువ, మాత్ర డోసు ఎక్కువ. ఇంట్లోవాళ్ళు "ఇంజెక్షన్ 5 ఇచ్చారు మాత్ర 15 ఎందుకు రాశారు, పొరపాటా" అని కంగారుపడుతుంటారు, ఇదీ కారణం.

ఇందులో తిరకాసు ఏంటంటే మారిన తర్వాత కూడా అది ఊరుకోదు. ఎం6జి అని ఒక భాగం వస్తుంది, అది కూడా నొప్పి తగ్గిస్తుంది, మత్తు ఇస్తుంది, ఊపిరి నెమ్మదింపజేస్తుంది. ఎం3జి అని ఇంకోటి, అది నొప్పికి పనిచేయదు, ఎక్కువైతే కండరాలు ఎగిరిపడటం, అయోమయం దానివల్లే అంటారు. రెండూ కిడ్నీ ద్వారా పోవాలి. కాబట్టి లివర్ బాగున్నా కిడ్నీ దెబ్బతింటే ఇవి పేరుకుపోతాయి. మొన్నటిదాకా బాగున్న పేషెంటు విరేచనాలయ్యో నీళ్ళు తాగకో కిడ్నీ పని తగ్గి రక్తంలో క్రియాటినిన్ పెరిగితే అదే డోసుకి మగతలోకి జారిపోతాడు. ఇంట్లో ఎవరైనా మార్ఫిన్ మీద ఉంటే, మూత్రం తగ్గింది, మనిషి పిలిస్తే సరిగ్గా పలకట్లేదు, నిద్రలో చేతులు ఎగిరిపడుతున్నాయి అంటే తర్వాతి డోసు వెయ్యకముందే ఫోన్ చేయండి. పలకట్లేదు, శ్వాస మరీ నెమ్మదించింది అంటే ఫోన్ కోసం ఆగకండి, అంబులెన్సే. కిడ్నీ బాగోలేనివాళ్ళకి మా డాక్టర్లు చాలాసార్లు చర్మం మీద అతికించే ఫెంటనిల్ ప్యాచ్‌కి మారుస్తారు, దాన్ని సిప్ 3ఎ4 నార్‌ఫెంటనిల్‌గా మారుస్తుంది, అది పనిచేయనిది కాబట్టి పేరుకున్నా ఇబ్బంది లేదు.

కానీ ప్యాచ్‌కీ ఓ జాగ్రత్త ఉంది. కీమో పేషెంట్లకి నోట్లో తెల్లటి పూత వస్తుంది, దానికి ఫ్లూకొనజోల్ రాస్తారు, అది సిప్ 3ఎ4ని అణుస్తుంది, ఫెంటనిల్ మెల్లగా పెరుగుతుంది. రాసే డాక్టరు వేరు, ప్యాచ్ పెట్టిన డాక్టరు వేరు, మధ్యలో ఎవరూ చూడకపోతే ప్రమాదం. మేము ప్యాచ్ పేషెంటు ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసుకుంటాం. ఇంకా ప్యాచ్ మీద వేడినీళ్ళ కాపడం పెట్టకూడదు, ఇది ఎంజైమ్ విషయం కాదు, వేడికి చర్మం గుండా మందు ఎక్కువ దిగుతుంది. ఎండాకాలం రేకుల ఇంట్లో ఉండేవాళ్ళకీ, జ్వరమొచ్చినవాళ్ళకీ ఇది ప్రత్యేకంగా చెప్తాం.

సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు, ఉన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, మా దగ్గరికి లివర్ క్యాన్సర్ వాళ్ళు వస్తారు కదా. వాళ్ళలో సిప్ ఎంజైమ్‌లు ముందు తగ్గుతాయి, గ్లూక్యురోనిక్ యాసిడ్ అతికించే ఎంజైమ్‌లు కొంచెం ఎక్కువకాలం నిలబడతాయి. అయినా లివర్‌ని దాటి రక్తం పక్కదారిలో పోతుంటుంది కాబట్టి నోటి మార్ఫిన్ ఎక్కువ భాగం నేరుగా రక్తంలోకి పోతుంది, ఎక్కువసేపు ఉంటుంది. అందుకని తక్కువ డోసు, ఎక్కువ గ్యాపు. ట్రమడాల్ కూడా అంతే, సిర్రోసిస్‌లో 50 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి మించి ఇవ్వరు. పైగా మలబద్ధకం అయితే సిర్రోసిస్ పేషెంటు అయోమయంలోకి పోతాడు, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే లాక్టులోజ్ సిరప్ మార్ఫిన్‌తో పాటే మొదలవ్వాలి.

---

వరంగల్_సతీష్

మాస్టారు గారు ఇది కొంచెం పక్కకు పోయే ప్రశ్న, ఏమనుకోకండ్రి. మా తమ్ముడు డీఅడిక్షన్ సెంటర్ల ట్రీట్‌మెంట్ మీద ఉన్నడు, నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ నాలోక్సోన్ గోలి ఇస్తున్నరు, మంచిగ సెట్ అయిండు, పనికి గూడ పోతుండె. దగ్గు తగ్గకపోతే టెస్ట్ చేస్తే టీబీ అని వచ్చింది, టీబీ మందులు షురూ చేసిన కొన్ని రోజులకే ఒళ్ళంత నొప్పులు, ముక్కు కారుడు, నిద్ర లేదు, చెమటలు, పాత రోజులు మల్ల వచ్చినట్టయింది. ఇంట్లె అందరు మల్ల ఏదో వాడుతున్నడని అనుమానం పడుతున్నరు, నేను వాని పక్కనే పంటున్న, వాడు ఏం వాడుతలేడు. లివర్ ఎంజైమ్ అంటుంటే యాదికొచ్చింది, దీనికి గూడ అదేనా?

---

మందుల_మాస్టారు

సతీష్ గారూ, పక్కకు పోవడం కాదు, ఇది అసలు విషయమే, మంచి పని చేశారు అడిగి. మీ తమ్ముడి మాట నమ్మండి.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుందే అది. పరోక్సెటిన్ ఎంజైమ్‌ని ఆపితే రిఫాంపిసిన్ దానికి పూర్తిగా ఉల్టా, లివర్‌ని, పేగుని ఎక్కువ ఎంజైమ్ తయారుచేయమని ఉసిగొల్పుతుంది, ముఖ్యంగా సిప్ 3ఎ4ని. బుప్రెనార్ఫిన్‌ని కరిగించేది ఎక్కువగా ఆ సిప్ 3ఎ4యే. రిఫాంపిసిన్ మొదలైన కొన్ని రోజుల్లో ఎంజైమ్ పెరుగుతుంది, అదే గోలి అదే డోసుకి రక్తంలో బుప్రెనార్ఫిన్ పడిపోతుంది, విత్‌డ్రాయల్, అంటే మందు చాలక వచ్చే ఆ బాధలు, మొదలవుతుంది. ఇదే చికిత్సకి వాడే ఇంకో మందు మెథడోన్ మీద ఉన్నవాళ్ళలో రిఫాంపిసిన్ వల్ల ఇలా అవుతుందని 1976లోనే అమెరికాలో మేరీ జీన్ క్రీక్ బృందం రాసింది, తర్వాత బుప్రెనార్ఫిన్‌లో కూడా చూశారు. ఫెంటనిల్, ఆక్సికోడోన్‌లకి కూడా ఇదే జరుగుతుంది. ఫిట్స్ మందులు కార్బమజెపిన్, ఫెనిటోయిన్, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్ కూడా ఇదే కోవ.

ఏం చేయాలంటే టీబీ మందులు ఒక్కరోజు కూడా ఆపొద్దు, సొంతంగా గోలీలు పెంచొద్దు. రేపే సెంటర్‌కి వెళ్ళి టీబీ కార్డు చూపించండి, వాళ్ళు బుప్రెనార్ఫిన్ డోసు సర్దుతారు. కొన్ని చోట్ల టీబీ డాక్టరు రిఫాంపిసిన్ బదులు రిఫాబుటిన్ ఇచ్చే ఆలోచన చేస్తారు, అది ఎంజైమ్‌ని అంతగా పెంచదు, అది వాళ్ళు కూర్చుని తేల్చుకోవాల్సింది. ఇంకొకటి, ఇది చాలా మంది మర్చిపోతారు, టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపిన తర్వాత సుమారు రెండు వారాల్లో ఎంజైమ్ పాత స్థాయికి దిగిపోతుంది. అప్పటికి పెంచిన డోసు అలాగే ఉంటే ఇప్పుడు ఎక్కువైపోతుంది. కోర్సు అయిపోయే తేదీ సెంటర్ వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

---

వరంగల్_సతీష్

దండం సార్. ఇది మా అమ్మకు చదివి వినిపించిన, ఆమె తమ్ముని పక్కన పోయి కూసుంది. పొద్దుగాలనే సెంటర్‌కు తీస్కపోత.

---

హరిత_తెనాలి

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. అప్‌డేట్ ఇస్తున్నా. పెద్ద సర్జన్ గారిని కలిశాం, మాస్టారు రాసిన మాటే అడిగాను, ఆయన ఫైలు తీసి చూసి పరోక్సెటిన్ ఎక్కడా రాసి లేదన్నారు. అడ్మిషన్ అప్పుడు అడిగితే మేము బీపీ, థైరాయిడ్ చెప్పాం, మానసిక మందు అని బంధువుల ముందు చెప్పడానికి అమ్మ ఇష్టపడలేదు. ఆయన వెంటనే ట్రమడాల్ ఆపి టపెంటడాల్ అనే వేరే నొప్పి మాత్ర చిన్న డోసు రాశారు, పారాసిటమాల్ టైము ప్రకారం వెయ్యమన్నారు, ఐస్ పెట్టమన్నారు. సైకియాట్రిస్టు గారితో ఫోన్లో మాట్లాడి పరోక్సెటిన్ అలాగే కొనసాగించమన్నారు. రెండో రోజు నుంచే తేడా తెలిసింది, నిన్న ఫిజియో అప్పుడు కాలు చాలావరకు వంచింది, నొప్పి లేదని కాదు గానీ ఓర్చుకోగలిగే నొప్పి అంది. సర్జన్ గారు అమ్మతో "మీరు చెప్పింది నిజమేనమ్మా" అన్నారు, ఆ ఒక్క మాటకి అమ్మ మొహం మారిపోయింది.

రెండు డౌట్లు ఉన్నాయి. టపెంటడాల్ మళ్ళీ ఇదే ఎంజైమ్ కాదు కదా? ఇది వంశపారంపర్యం అన్నారు, నాకు కూడా ఉంటుందా, టెస్టు చేయించుకోవాలా? నేను ఇప్పుడు ఐదో నెల ప్రెగ్నెంట్, సిజేరియన్ అయితే ఏ మందు ఇస్తారో అని భయంగా ఉంది.

---

మందుల_మాస్టారు

చాలా సంతోషం అండి. టపెంటడాల్ మింగిన రూపంలోనే పనిచేస్తుంది, దాన్ని ఎక్కువగా గ్లూక్యురోనిక్ యాసిడ్ అతికించే ఎంజైమ్‌లే బయటికి పంపుతాయి, సిప్ 2డి6 మీద ఆధారపడదు. పరోక్సెటిన్ పక్కన ఉంది కాబట్టి వణుకు, చెమటలు, కంగారు మీద ఓ కన్నేసి ఉంచండి, ఇది కూడా వీలైనన్ని తక్కువ రోజులే.

మీ అమ్మగారిది మందు వల్ల ఆగిన ఎంజైమ్ అయితే అది మీకు రాదు. ఆవిడ జీన్ మామూలుగానే ఉండి పరోక్సెటిన్ వల్ల లేనట్టు అయ్యి ఉండొచ్చు, లేదా జీన్‌లోనే లోపం ఉండి ఉండొచ్చు, రెండిట్లో ఏదో జీన్ టెస్టుతోనే తేలుతుంది. రక్తమో లాలాజలమో తీసుకుని చేస్తారు, జీవితంలో ఒక్కసారి చాలు. ఇందుకోసమే పరుగెత్తి చేయించుకోవాల్సిన పని లేదు గానీ, మీ పిన్నిగారికి అలా అయ్యింది కాబట్టి కుటుంబంలో స్పీడు రకం ఉందేమో అన్న ప్రశ్న మాత్రం అర్థం లేనిది కాదు. ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు సిప్ 2డి6 మామూలుగానే పెరుగుతుంది. మీ గైనకాలజిస్టుకి ఇప్పుడే చెప్పి ఫైల్లో రాయించండి, "పిన్నికి ట్రమడాల్ పడలేదు, పాలిచ్చే రోజుల్లో ట్రమడాల్, కోడీన్ వద్దు" అని. సిజేరియన్ తర్వాత నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి టైము ప్రకారం ఇస్తే చాలామందికి సరిపోతుంది, వెన్నులో ఇచ్చే మత్తుతో పాటు కొద్దిగా మార్ఫిన్ కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దానికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు.

అమ్మగారికి ఎప్పుడైనా సైకియాట్రిస్టు పరోక్సెటిన్ తగ్గించుకుంటూ ఆపేస్తే మాత్రం ఈ లెక్క మొత్తం మారుతుంది. జీన్ బాగుంటే కొన్నాళ్ళకి ఎంజైమ్ తిరిగొస్తుంది, అప్పుడు ఇంట్లో మిగిలిపోయిన పాత ట్రమడాల్ స్ట్రిప్ తీసి వేసుకుంటే ఈసారి గట్టిగా పనిచేస్తుంది. 2018 నుంచి ట్రమడాల్ మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా వచ్చింది. మిగిలినవి ఇంట్లో ఉంచుకోకుండా హాస్పిటల్ ఫార్మసీకి తిరిగి ఇచ్చేయండి.

---

పాలియేటివ్_సిస్టర్

హరిత గారూ ఒక్కటి అడగనా, అమ్మకి విరేచనం సాఫీగా అవుతోందా? టపెంటడాల్‌తో కూడా మలబద్ధకం వస్తుంది, మోకాలు ఆపరేషన్ వాళ్ళు వెస్ట్రన్ టాయిలెట్ మీద ముక్కుతూ కూర్చుంటే ఆ నొప్పి ఇంకో రకం. రాత్రి పూట ఏమైనా సిరప్ రాయమని సర్జన్ గారిని అడగండి.

---

హరిత_తెనాలి

మూడు రోజులుగా లేదు సిస్టర్, అమ్మ చెప్పలేదు, ఇప్పుడు అడిగితే చెప్పింది. సాయంత్రం ఫోన్ చేసి అడుగుతాను.